ఆరు నుంచి పది దాకా

ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంది.
"పీక్ అవర్స్‌లో పునరుత్పాదక విద్యుత్తు వాటా, శాతంలో."
శుక్రవారం లోగా పంపాలని అమరావతి నుంచి రెండుసార్లు ఫోను.
ఎస్.ఈ. గారు పెన్ను నా వైపు జరిపి
"ఏదో ఒక అంకె వెయ్యమ్మా,
మరీ చిన్నది కాకుండా" అన్నారు.

పగటిపూటకైతే అంకెలకి కరువు లేదు.
ముడసర్లోవ నీళ్ల మీద తేలే పలకలు
ఒంటిగంట వేళ అడక్కుండానే వడ్డిస్తాయి.
అప్పుడు ఊరికి ఆకలుండదు.
ఊరికి ఆకలేసేది పొద్దుగూకాక.

మా సూర్యుడు సముద్రంలోంచి డ్యూటీ ఎక్కి
సింహాచలం కొండ వెనక దిగిపోతాడు.
ఓవర్‌టైం చెయ్యడు.
సరిగ్గా అప్పుడే
గాజువాకలో షిఫ్టు దిగినవాళ్లు చొక్కా విప్పి ఫ్యాను వేస్తారు,
మధురవాడ అపార్ట్‌మెంట్లలో
ఒక ఏసీని చూసి ఇంకో ఏసీ దగ్గుతుంది,
కంచరపాలెంలో రేపటి పిండి గ్రైండర్లో తిరుగుతుంది,
నా తెర మీద గీత
యారాడ కొండ ఎక్కే బస్సులా
రొప్పుతూ పైకి పోతుంది.

దాని కింద, పరవాడ వైపు, బొగ్గు
మారుమాట లేకుండా మండుతుంది.
బొగ్గుని తిట్టడం తేలిక.
అది పంపిన వెలుతురులో కూర్చునే
నేనూ తిడుతున్నాను.

"గాలి ఉంది కదా" అన్నాడు మీటింగులో ఒకాయన, కొత్తగా వచ్చినాయన.
ఉంది. దాని సంగతి మాకు తెలుసు.
హుద్‌హుద్ నాడు మా స్తంభాలన్నిటినీ
ఒక్క పూటలో పడుకోబెట్టిన గాలే,
మే నెల ఉక్కలో
బీచ్ రోడ్డు మీద జెండా అంచుని కూడా ముట్టుకోదు.
"బ్యాటరీలు" అన్నాడు ఇంకొకాయన.
ధర చదివాక
ఎవరో టీ కప్పు కింద పెట్టిన చప్పుడు
గదంతా వినిపించింది.

గడిని అలాగే వదిలేసి
ఫీడరు ఫిర్యాదు ఒకటుంటే ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను.
ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో పరదేశి కూర్చుని
బీడీ వెలిగించుకుంటున్నాడు.
లోపల కంప్రెసర్ చప్పుడు లేదు.
"ఆరవకుండా ఆపేశావేం?"
"మజ్జానం ఎండలో రేటు తక్కువని మీరే సెప్పారు గదండీ.
పదింటికి మొదలెట్టి నాలుక్కి దింపేత్తన్నాను.
నీళ్లు గడ్డ కట్టడానికి
ముహూర్తాలుంటాయేటి మేడమ్?"

అవతల మైలపల్లి కాసులమ్మ
దిమ్మని సుత్తితో కొట్టించుకుని
తట్టలోకి ఎత్తుకుంటోంది.
ఒక పొర వంజరం, ఒక పొర ఐసు,
మళ్లీ వంజరం.
చీకటి పడింది. పడవల మీద దీపాలు వెలిగాయి.
మధ్యాహ్నం ముడసర్లోవ మీద పడ్డ ఎండ
ఇక్కడ చేప కడుపు మీద
చల్లగా కరుగుతోంది.
ఒక ముక్క అరచేతిలో పెట్టుకున్నాను,
వేళ్లు మొద్దుబారేదాకా.
కాసులమ్మ నవ్వింది,
"ఐసు ఎప్పుడూ సూళ్లేదేటమ్మా?"

చూశాను. లెక్కగా చూళ్లేదు.

ఆ రాత్రి కాగితం మీద
హార్బరు ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల కోల్డ్ స్టోరేజీలు,
కార్పొరేషన్ వాళ్లు కొండ మీది ట్యాంకులకి నీళ్లు తోడే మోటార్లు,
ఒక్కొక్కటే ఆరుగంటల నుంచి లాగి
మధ్యాహ్నంలోకి నెట్టాను.
కొన్ని కదిలాయి.
ఆసుపత్రి కదల్లేదు. గ్రైండరు కదల్లేదు,
దాన్ని కదపడానికి నాకు మనసూ రాలేదు.
ఉద్యోగం నుంచి వచ్చి పిండి రుబ్బుకునే మనిషికి
మధ్యాహ్నం ఎక్కడిది?

తెల్లారి గడిలో ఇరవై మూడు వేశాను.
ఎస్.ఈ. గారు కళ్లజోడు పైకి తోసి
"ఇరవై మూడేమిటి? పాతిక చేసెయ్,
గుండ్రంగా ఉంటుంది."
"ఆ రెండూ ఎవరిస్తారు సార్?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత లేచి కిటికీ తెరిచి
గదిలో ఏసీ ఆపారు.

తెర మీద గీత కదల్లేదు.
ఇద్దరికీ ఉక్క పోసింది.
ఇరవై మూడు
ఇరవై మూడుగానే వెళ్లింది.